నచ్చని ఆట నేర్వడానికి సేబన్ తెచ్చుకున్న కోచ్

2014 జనవరిలో అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటర్ వచ్చాడు. పేరు లేన్ కిఫిన్, వయసు 38. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ అయిపోగానే అసిస్టెంట్ కోచ్‌లు ఊళ్లు మారడం ఏటా జరిగే తంతే. సంక్రాంతి వెళ్లేలోపు సగం జట్ల గదుల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. అయినా ఈ ఒక్క నియామకం విని చాలామంది ముందు నమ్మలేదు, తర్వాత నవ్వారు. పిలిచినవాడు నిక్ సేబన్. అప్పటికి 62 ఏళ్లు, 2009, 2011, 2012లలో అలబామాకి జాతీయ టైటిళ్లు తెచ్చిన హెడ్ కోచ్, నిమిషం అటూఇటూ అయినా ఊరుకోని మనిషి. వచ్చినవాడేమో పనిచేసిన ప్రతిచోటి నుంచీ గొడవతోనే బయటపడ్డవాడు. వీళ్లిద్దరూ ఒక గదిలో ఎన్నాళ్లుంటారన్నదే అప్పటి చర్చ.

మూడు సీజన్లు ఉన్నారు. ఆ మూడేళ్లలో మారింది అలబామా ఆట ఒక్కటే కాదు, కోఆర్డినేటర్‌ని తీసుకోవడం అంటే ఏమిటన్న లెక్క కూడా.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో చూడాలి. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు చాలామందికి ఈ ఆట మొదట ట్రాఫిక్ రూపంలోనే పరిచయమవుతుంది. శనివారం పొద్దున్నే రోడ్లు మూసేస్తారు, పార్కింగ్ స్థలాల్లో టెంట్లు వెలుస్తాయి, ఊరి జనాభాకి సమానమైన జనం స్టేడియంలోకి వెళ్తారు. అలబామా జట్టు ఉండే టస్కలూసాలోని బ్రయంట్-డెన్నీ స్టేడియంలో లక్షకు పైగా సీట్లున్నాయి. అంత జనం చూసే ఆటని విడదీస్తే చిన్న చిన్న ముక్కలే. బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకెళ్లడానికి 4 ఛాన్సులు. వెళ్తే మళ్లీ 4 ఛాన్సులు, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. ఒక్కో ఛాన్సులో ఆడే ముక్కని ప్లే అంటారు. మ్యాచ్ మొత్తంలో ఒక్కో జట్టు సుమారు 70 ప్లేలు ఆడుతుంది. బంతి మనదైనప్పుడు ఆడేది ఒక పదకొండు మంది, ఎదుటివాళ్లదైనప్పుడు దిగేది వేరే పదకొండు మంది. అందుకే అటాక్‌కి ఒక బాధ్యుడు, డిఫెన్స్‌కి ఇంకో బాధ్యుడు.

అటాక్ బాధ్యుడే అఫెన్సివ్ కోఆర్డినేటర్. క్రికెట్‌లో బ్యాటింగ్ కోచ్ నెట్స్‌లో చెప్పాల్సింది చెప్పి, మ్యాచ్ మొదలయ్యాక డగౌట్‌లో చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఇక్కడ అలా కుదరదు. ఆ డెబ్భై ప్లేలలో ప్రతిదాన్నీ ఎంచేది ఇతనే. ఎవరు ఎటు పరిగెత్తాలి, ఎవరు ఎవర్ని అడ్డుకోవాలి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఎవరివైపు చూడాలి, అతను దొరక్కపోతే తర్వాత ఎవరు, అన్నీ ఒక్క మాటలో ఇమిడి ఉంటాయి. ఒక ప్లే ముగిశాక తర్వాతిది మొదలవ్వడానికి 40 సెకన్ల గడియారం నడుస్తుంది. అందులో సగం కూడా ఆలోచనకి దక్కదు. పైస్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియోకి అనుమతి వచ్చింది 2024లోనే. అంతకుముందు మైదానం పక్కన నిలబడి చేతి సైగలు చేసేవాళ్లు, బొమ్మలున్న అట్టలు పైకెత్తేవాళ్లు. ఎదుటి జట్టు ఆ సైగల్ని కనిపెట్టేస్తుందన్న భయంతో ఒకేసారి ముగ్గురు సైగలు చేసేవాళ్లు, అందులో ఇద్దరివి ఉత్తుత్తివి.

ఇక సేబన్‌కి ఈ కొత్త మనిషి ఎందుకు కావాల్సి వచ్చాడన్నది అసలు విషయం.

సేబన్ పుట్టుకతో డిఫెన్స్ కోచ్ అనొచ్చు. ఎదుటివాడు పాయింట్లు కొట్టకపోతే మనం పెద్దగా కొట్టనక్కర్లేదన్నది అతని పాత లెక్క. 2011 నవంబరులో దేశంలో మొదటి రెండు ర్యాంకుల జట్లయిన ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), అలబామా తలపడితే స్కోరు 9-6. అదీ అదనపు సమయంలో. బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించడాన్ని టచ్‌డౌన్ అంటారు. రెండు జట్లూ కలిపి అది ఒక్కటి కూడా చేయలేదు. అలబామా ఆ మ్యాచ్ ఓడింది కానీ, రెండు నెలల తర్వాత టైటిల్ మ్యాచ్‌లో అదే ఎల్‌ఎస్‌యూని 21-0తో ఓడించింది. భారీ శరీరాలున్న డిఫెండర్లు, ప్రతి ప్లేకి ముందు ఎదుటివాళ్ల అమరిక చూసి తమ అమరిక సర్దుకోవడం, పరిస్థితిని బట్టి మనుషుల్ని మార్చడం, ఇదీ సేబన్ యంత్రం. ఆ యంత్రానికి ముఖ్యంగా కావాల్సింది సమయం.

సరిగ్గా దాన్నే లాక్కునే ఆట అప్పటికి ఊపందుకుంది. ప్లేకి ప్లేకి మధ్య అందరూ గుమికూడి మాట్లాడుకునే అలవాటు ఉండేది, దాన్ని హడిల్ అంటారు. కొన్ని జట్లు ఆ హడిల్ మానేశాయి. ఒక ప్లే అవ్వగానే పరుగున వచ్చి వరసలో నిలబడి, పది పన్నెండు సెకన్లలో తర్వాతి ప్లే మొదలెట్టేస్తాయి. రూల్ ప్రకారం అటాక్ జట్టు మనుషుల్ని మారిస్తేనే డిఫెన్స్‌కి మార్చుకునే టైమ్ ఇస్తారు. వాళ్లు మార్చకపోతే వీళ్లూ ఉన్నవాళ్లతోనే సరిపెట్టుకోవాలి. నూటయాభై కిలోల డిఫెండర్ ఆయాసపడుతూ అక్కడే ఉండిపోతాడు. అతని పక్కనే ఖాళీ పుడుతుంది.

2012లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు జానీ మాంజెల్ అనే కుర్రాడితో టస్కలూసాకే వచ్చి 29-24తో గెలిచింది. ఆ ఏడాదే సేబన్, ఫుట్‌బాల్ ఇలాగే ఉండాలని మనం కోరుకుంటున్నామా అంటూ విలేకరుల ముందు అడిగాడు. 2013 నవంబరు 30న వేగం ఆటకి పేరుపడ్డ పక్కింటి ప్రత్యర్థి ఆబర్న్ 34-28తో ఓడించింది. 28-28 దగ్గర ఒక్క సెకను మిగిలుండగా అలబామా కొట్టిన దూరపు కిక్ గురి చేరలేదు. ఆ బంతిని తన గోల్ గీత వెనకాల పట్టుకున్న ఆబర్న్ ఆటగాడు 109 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రాష్ట్రంలో ఆ రోజు ఎక్కడున్నావని ఎవరినడిగినా చెప్పగలరు. నెల దాటగానే, సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌లలో ఒకటైన షుగర్ బౌల్‌లో ఓక్లహోమా 45 పాయింట్లు వేసింది. సేబన్ జట్టు మీద 45.

ఆ మ్యాచ్ 2014 జనవరి 2న జరిగింది. కొద్ది రోజులకే అటాక్ బాధ్యుడు డగ్ నస్‌మైయర్ మిషిగన్ వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి కిఫిన్ వచ్చాడు.

చిత్రమేమిటంటే, సరిగ్గా అదే చలికాలంలో సేబన్ ఈ వేగం మీద ఇంకో దారిలో కూడా యుద్ధం చేశాడు. ప్లే గడియారం మొదలైన తొలి 10 సెకన్లలో బంతి కదపకూడదు, ఆ లోపు డిఫెన్స్ మనుషుల్ని మార్చుకోవచ్చు అని ఒక రూల్ ప్రతిపాదన వచ్చింది. దానికి గట్టి మద్దతుదారుల్లో సేబన్ ఒకడు. వేగం జట్ల కోచ్‌లు గగ్గోలు పెట్టారు, మార్చిలో ఆ ప్రతిపాదన అటకెక్కింది. ఒక చేత్తో ఆ ఆటని ఆపించడానికి ప్రయత్నిస్తూ, ఆపలేకపోతే ఎలాగని ఇంకో చేత్తో కొత్త కోఆర్డినేటర్‌ని తెచ్చుకున్నాడన్నమాట. దీన్ని ద్వంద్వ నీతి అన్నవాళ్లున్నారు. ముందుచూపు అనడమే సబబు. రూల్ మారితే పాత యంత్రం పనిచేస్తుంది, మారకపోతే కొత్తది సిద్ధంగా ఉంటుంది.

కానీ కిఫినే ఎందుకు?

అతని చరిత్ర చూస్తే ఎవరికైనా టెన్షన్ పుట్టాల్సిందే. 31 ఏళ్లకే ఓక్లండ్ రైడర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. 20 మ్యాచ్‌లలో 5 గెలిచాడు. యజమాని అల్ డేవిస్ ప్రెస్ మీట్ పెట్టి, తాను రాసిన ఉత్తరాన్ని ప్రొజెక్టర్ మీద చూపించి మరీ అతన్ని తీసేసిన కారణాలు వివరించాడు. తర్వాత టెనసీ యూనివర్సిటీ. ఒక్క సీజన్ ఉండి, 2010 జనవరిలో అర్ధంతరంగా దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీకి, అంటే యూఎస్‌సీకి వెళ్లిపోయాడు. టెనసీ విద్యార్థులు కోపంతో రోడ్ల మీదకొచ్చారు. చివరికి యూఎస్‌సీ కూడా 2013 సెప్టెంబరులో, 62-41తో ఓడి అర్ధరాత్రి దాటాక విమానం దిగిన జట్టు నుంచి, విమానాశ్రయంలోనే అతన్ని సాగనంపింది. ఇంటిదాకా కూడా రానివ్వలేదు.

ఇదంతా హెడ్ కోచ్‌గా. అటాక్ నడిపేవాడిగా చూస్తే లెక్క వేరు. ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, ఎక్కడ బలహీనుడున్నాడో పట్టేయడంలో అతనిది అరుదైన కన్ను. ఆ కన్ను సేబన్‌కి కావాలి. హెడ్ కోచ్ ఉద్యోగంలో కిఫిన్‌ని ముంచినవి నోరు, తొందర, పెత్తనం. అసిస్టెంట్‌గా ఉంటే వాటితో పనిలేదు. పైగా సేబన్ పద్ధతిలో అసిస్టెంట్లు విలేకరులతో మాట్లాడకూడదు, సీజన్‌కి ముందు ఒకసారి, బౌల్ మ్యాచ్‌ల వేళ ఒకసారి తప్ప. ఒకడి బలాన్ని వాడుకుంటూ బలహీనతకి తాళం వేసే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉంది. కిఫిన్‌కీ ఇది అవసరమే. మొదటి ఏడాది జీతం 6 లక్షల 80 వేల డాలర్లు. హెడ్ కోచ్‌గా వచ్చేదాని ముందు అది చిన్న మొత్తమే కానీ, సేబన్ దగ్గర పనిచేశాడన్న పేరు మళ్లీ పెద్ద కుర్చీకి దారి. ఇద్దరి వ్యవహారాలూ చూసే ఏజెంటు జిమ్మీ సెక్స్‌టన్ ఒక్కడే కావడం కూడా ఊరికే పోలేదేమో. నస్‌మైయర్ ఇంకా ఉద్యోగంలో ఉండగానే, 2013 డిసెంబరులో, కిఫిన్ టస్కలూసా వచ్చి కొన్ని రోజులుండి అలబామా అటాక్‌ని పరిశీలించి వెళ్లాడు. ఆటమీద అభిప్రాయాలు పంచుకోవడానికేనని అప్పుడు చెప్పుకున్నారు. పెళ్లిచూపులని ఎవరూ అనలేదు.

ఇక్కడ ఒక అపోహని పక్కన పెట్టాలి. కిఫిన్ వేగం ఆట నిపుణుడు కాడు. యూఎస్‌సీలో అతను ఆడించింది కూడా హడిల్‌తో కూడిన పాత పద్ధతే. అంటే సేబన్ ఆ విద్య తెలిసినవాణ్ని కొనుక్కోలేదు, నేర్చుకోగలవాణ్ని తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో వేగం ఆట గురువులు మార్కెట్లో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరైనా వస్తే తమ పుస్తకంతో వస్తారు, తమ భాషతో వస్తారు. చిక్కంతా అక్కడే.

ప్లేలన్నీ రాసుండే ప్లేబుక్ అనేది ఒక భాష. ఒక జట్టులో ఒక పండు పేరు వింటే ఎడమవైపు పరుగు, ఇంకో జట్టులో అదే పేరుకి కుడివైపు పాస్. కొత్త కోఆర్డినేటర్ తన భాష తెచ్చుకుంటే 20 ఏళ్ల కుర్రాళ్లు యాభై మంది మూడు నెలల్లో కొత్త భాష నేర్వాలి. క్లాసులు, పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. నేర్చినా మైదానంలో అర సెకను అనువాదానికి పోతుంది. ఆ అర సెకనులో డిఫెండర్ మీదికొచ్చేస్తాడు. సేబన్ దీన్ని తిరగేశాడు. అంతమందీ మారే బదులు వచ్చిన ఒక్కడే మారాలి. అలబామా పదాలు అలబామావే. కిఫిన్ వాటిని నేర్చుకుని, తన ఆలోచనల్ని వాటిలో చెప్పాలి. పుట్టింటి వంటలు చేసుకోవచ్చు కానీ అత్తింటి పొయ్యి మీదే చేయాలన్నట్టు.

2014 సీజన్ మొదలైంది. పాత క్వార్టర్‌బ్యాక్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. ఫ్లోరిడా స్టేట్ నుంచి వచ్చిన జేకబ్ కోకర్‌కే ఆ చోటు ఖాయమని అందరూ అనుకున్నారు. కిఫిన్, సేబన్ చివరికి మొగ్గింది బ్లేక్ సిమ్స్ వైపు. సిమ్స్ ఒకప్పుడు బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌గా ఆడినవాడు, అప్పటికి బెంచీ మీద ఏళ్లు గడిపినవాడు. అలాంటి కుర్రాడు ఆ ఏడాది 3,487 గజాలు విసిరి అలబామా సీజన్ రికార్డు కొట్టాడు.

ఎలాగన్నదే కోఆర్డినేటర్ పనితనం. సిమ్స్‌కి మైదానం మొత్తాన్ని చదివే బరువు పెట్టలేదు. మైదానంలో సగం మాత్రం చూడు, అక్కడ పాస్‌లు పట్టే అమారి కూపర్ ఉంటాడు, అతనికివ్వు. మాట చిన్నదే. కూపర్‌ని ఒక్కోసారి ఒక్కోచోట నిలబెట్టి, ప్లే మొదలవ్వకముందే అటునుంచి ఇటు నడిపించి, అతని ఎదురుగా ఎప్పుడూ డిఫెన్స్‌లో బలహీనుడే ఉండేలా చేయడం పెద్ద పని. కూపర్ ఆ సీజన్‌లో 124 పాస్‌లు పట్టి 1,727 గజాలు సాధించాడు. దేశంలో మేటి రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు అతనిదే. కిఫిన్‌కి ఒక అలవాటుండేది. బంతి ఇంకా గాల్లో ఉండగానే రెండు చేతులూ పైకెత్తి టచ్‌డౌన్ సైగ చేసేవాడు. అహంకారమని తిట్టుకున్నవాళ్లున్నారు. నిజానికి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసినప్పుడే అతనికి ఫలితం తెలిసిపోయేది, మిగిలింది బంతి వెళ్లి చేరడమే.

ఆ అక్టోబరులో అలబామా టెనసీ వెళ్లింది. నాలుగేళ్ల క్రితం కిఫిన్‌ని తిట్టిపోసిన ఊరు, నిండుగా నిండిన స్టేడియం. అలబామా అటాక్ ఆడిన తొలి ప్లేకే కూపర్ 80 గజాల టచ్‌డౌన్ చేశాడు. నోళ్లు మూయించడానికి ఇంతకంటే క్లుప్తమైన జవాబు దొరకదు.

నెల తర్వాత ఆబర్న్‌తో మ్యాచ్, 55-44తో అలబామా గెలిచింది. ఈ రెండు జట్ల పోరు చరిత్రలో అన్ని పాయింట్లు ఎప్పుడూ రాలేదు. మూడేళ్ల కిందట 9-6 మ్యాచ్ ఆడిన కోచ్ 44 పాయింట్లు ఇచ్చుకుని గెలిచి బయటికొచ్చాడు. ఆ రాత్రి సేబన్‌కి నిద్రపట్టిందో లేదో కానీ, అలబామా పాత రోజులు అయిపోయాయని మాత్రం తేలిపోయింది.

ఆ సీజన్ చివర ఒహాయో స్టేట్ చేతిలో 42-35తో ఓడినప్పుడు నింద మళ్లీ కిఫిన్ మీదికే వచ్చింది. రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీకి 13 సార్లే బంతి ఇచ్చారు, అతనేమో ఇచ్చినప్పుడల్లా సగటున 7 గజాలు తెచ్చాడు. కోఆర్డినేటర్ ఉద్యోగంలో ఇదొక శాపం. గెలిస్తే ఆటగాళ్లు ఆడారంటారు, ఓడితే ప్లేలు ఎంచడం రాలేదంటారు. విమర్శలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే మరుసటి ఏడాది కిఫిన్ చేసినది చూస్తే తప్పు తెలుసుకున్నట్టే ఉంటుంది.

2015లో కూపర్ లేడు, సిమ్స్ లేడు. కోకర్ క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. ఒల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) చేతిలో 43-37 ఓటమి తర్వాత జట్టు ఒక దారికి వచ్చింది: హెన్రీకి ఇవ్వు, మళ్లీ హెన్రీకే ఇవ్వు. ఆబర్న్ మీద 46 సార్లు, వారం తర్వాత ఫ్లోరిడా మీద 44 సార్లు అతనే బంతి మోశాడు. సీజన్‌లో 2,219 గజాలు, దేశంలో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ. పాస్‌ల మాంత్రికుడని తెచ్చుకున్న మనిషి, ఎద్దులాంటి రన్నింగ్ బ్యాక్ భుజాల మీద జట్టుని నడిపాడు. ఏ ప్లే అందంగా ఉందన్నది కాదు, చేతిలో ఎవరున్నారన్నదే అతను చూసింది. తర్వాత సెమీఫైనల్లో మిషిగన్ స్టేట్ మొత్తం హెన్రీని ఆపడానికే మోహరించింది. కోకర్ 30 పాస్‌లలో 25 చేర్చాడు, అలబామా 38-0తో గెలిచింది. ఆ సీజన్‌లో కిఫిన్ చేసిన మేలైన పని ఏదంటే ఈ మ్యాచ్‌నే చూపించాలి.

ఫైనల్లో క్లెమ్సన్ మీద 45-40. రెండేళ్లుగా ఒక్క టచ్‌డౌన్ పాస్ కూడా పట్టని ఓ.జే. హవర్డ్ అనే టైట్ ఎండ్ (ఎదుటివాళ్లని అడ్డుకోవడం, పాస్‌లు పట్టడం రెండూ చేసే ఆటగాడు) ఆ రాత్రి 208 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. రెండుసార్లూ అతని చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. కిఫిన్ అతన్ని అంతవరకూ దాచి ఉంచాడా, మరిచిపోయి ఆ రాత్రే గుర్తుచేసుకున్నాడా అని అభిమానులు ఇప్పటికీ సరదాగా వాదించుకుంటారు.

ఒకే ఒరలో రెండు కత్తులంటారు కదా, మూడో ఏటికి ఆ చప్పుడు బయటికి వినిపించసాగింది. 2016 సెప్టెంబరులో వెస్టర్న్ కెంటకీ మీద అలబామా సునాయాసంగా గెలుస్తున్న మ్యాచ్‌లో, చివర్లో సేబన్ మైదానం పక్కనే కిఫిన్ మీద విరుచుకుపడ్డాడు. టీవీ కెమెరాలు వదల్లేదు. వాదులాటా అని తర్వాత విలేకరులు అడిగితే, వాదులాట కాదు చీవాట్లు అన్న అర్థంలో మోటుగా జవాబిచ్చాడు. జట్టు మాత్రం గెలుస్తూనే పోయింది. జేలెన్ హర్ట్స్ అనే 18 ఏళ్ల కుర్రాడు తొలి మ్యాచ్‌లో తన మొదటి ప్లేకే బంతి జారవిడిచి, అదే మ్యాచ్‌లో యూఎస్‌సీని 52-6తో చిత్తుచేసిన జట్టుని నడిపాడు. కిఫిన్‌ని విమానాశ్రయంలో వదిలేసిన యూఎస్‌సీయే. హర్ట్స్ కోసం అటాక్ మళ్లీ మారింది. పరుగా, పాసా అన్నది ప్లే మొదలయ్యాక ఒక డిఫెండర్ కదలికని చూసి కుర్రాడే తేల్చుకునే పద్ధతి జోరందుకుంది. మూడేళ్లు, ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు, మూడు రకాల ఆటలు, ప్రతి ఏడూ తమ కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) టైటిల్.

డిసెంబరులో కిఫిన్‌కి ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ హెడ్ కోచ్ కుర్చీ దొరికింది. ప్లేఆఫ్‌లు అయ్యేవరకూ రెండు ఉద్యోగాలూ చేస్తానన్నాడు. పగలు టస్కలూసాలో మ్యాచ్ ప్లాన్, రాత్రి ఫోన్లో ఫ్లోరిడా కోసం కుర్రాళ్లకి, కోచ్‌లకి బేరాలు. సెమీఫైనల్లో వాషింగ్టన్ మీద 24-7తో గెలిచారు కానీ హర్ట్స్ విసిరింది 57 గజాలే. ఫైనల్‌కి వారం ఉందనగా, 2017 జనవరి 2న, ఇద్దరూ విడిపోతున్నట్టు ప్రకటించారు. టైటిల్ మ్యాచ్‌కి ఏడు రోజుల ముందు ప్లేలు ఎంచేవాణ్ని మార్చడం పెళ్లిపీటల దగ్గర పురోహితుణ్ని మార్చడం లాంటిదే. మంత్రాలు అవే అయినా గొంతు వేరు.

ఆ పని స్టీవ్ సార్కీసియన్‌కి అప్పగించారు. అతనూ యూఎస్‌సీ పంపించేసిన హెడ్ కోచే, ఆ సీజన్‌లో అలబామాలో అనలిస్ట్‌గా గడిపినవాడు. క్లెమ్సన్ 35-31తో గెలిచింది, చివరి టచ్‌డౌన్‌కి మిగిలింది ఒక్క సెకను. కిఫిన్ ఉంటే గెలిచేవాళ్లా? చెప్పలేం, కానీ ఒక అంకె మాత్రం చెబుతుంది. క్లెమ్సన్ ఆ రాత్రి 99 ప్లేలు ఆడింది. అలబామా అటాక్ బంతిని నిలుపుకోలేక త్వరత్వరగా ఇచ్చేస్తుంటే డిఫెన్స్ మళ్లీ మళ్లీ మైదానంలోకి దిగింది, చివరి నిమిషాల్లో కాళ్లు ఆడలేదు. నాలుగేళ్ల క్రితం సేబన్ భయపడింది దీనికే.

కిఫిన్ లెక్క చివరికి 43 మ్యాచ్‌లలో 40 గెలుపులు. దానికంటే ముఖ్యమైంది, అతను వెళ్లాక కూడా ఆ ఆట పోలేదు. 2017లో బ్రయన్ డేబుల్, 2018లో మైక్ లాక్స్‌లీ, 2019, 2020లలో మళ్లీ సార్కీసియన్. కోఆర్డినేటర్ ఉద్యోగం స్వభావమే అది. బాగా చేస్తే ఇంకొకరు ఎగరేసుకుపోతారు, బాగా చేయకపోతే ఉన్నవాళ్లే పంపించేస్తారు. రెండువిధాలా ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు ఎవరు గొప్పవాడని వెతకడంకంటే, అతను వెళ్లాక ఏం మిగులుతుందని చూడటమే తెలివి. సేబన్ ఇందుకు ఒక గోదాము కూడా కట్టుకున్నాడు. నేరుగా ఆటగాళ్లకి నేర్పే కోచ్‌ల సంఖ్యకి అప్పటి రూల్స్‌లో పరిమితి ఉండేది, అనలిస్ట్‌లకి ఉండేది కాదు. ఉద్యోగాలు పోయిన పెద్ద కోచ్‌లు అక్కడ వీడియోలు చూస్తూ, అలబామా పదాలు నేర్చుకుంటూ ఉండేవాళ్లు. లాక్స్‌లీ కూడా అలా వచ్చినవాడే. పై కుర్చీ ఖాళీ అయిన రోజున భాష తెలిసినవాడు పక్క గదిలోనే ఉండేవాడు. 2018లో లాక్స్‌లీకి, 2020లో సార్కీసియన్‌కి దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కిచ్చే బ్రాయిల్స్ అవార్డు వచ్చింది. ఒకరు మేరీలండ్‌కి, ఒకరు టెక్సస్‌కి హెడ్ కోచ్‌లుగా వెళ్లారు. 2020 అలబామా 13 మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్లో ఒహాయో స్టేట్ మీద 52 పాయింట్లు వేసింది.

ఈ ఏర్పాటుకి ఖరీదు కట్టినవాళ్లు లేకపోలేదు. జేలెన్ హర్ట్స్ మూడేళ్లు అలబామాలో ఉంటే, కిఫిన్, ఒక్క మ్యాచ్‌కి సార్కీసియన్, డేబుల్, లాక్స్‌లీ, నలుగురు గొంతులు విన్నాడు. నాలుగో ఏడు ఓక్లహోమా వెళ్లి ఐదో గొంతు విన్నాడు. పదాలు అవే ఉన్నా, ఒకడు తప్పుని ఎలా సరిదిద్దుతాడు, ఏ ప్లేని ఎప్పుడు నమ్ముతాడు అన్నవి పుస్తకంలో ఉండవు. మధ్యలో 2018 జనవరిలో టైటిల్ మ్యాచ్ సగంలో అతన్ని కూర్చోబెట్టి ఇంకో కుర్రాణ్ని దింపారు కూడా. అంత అస్థిరతలోంచి వచ్చిన మనిషి 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ప్రొఫెషనల్ జట్టుకి సూపర్ బౌల్ గెలిపించాడు. ఆ గెలుపు వెనకున్న కోఆర్డినేటర్ కూడా వెంటనే ఇంకో జట్టుకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. హర్ట్స్‌కి అలవాటే.

కిఫిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి ఒల్ మిస్‌కి వెళ్లి, ఆ జట్టుని దేశంలో ముందువరసకి తెచ్చాడు. 2025 నవంబరు చివర్లో ఒల్ మిస్ ప్లేఆఫ్‌కి సిద్ధమవుతుండగా ఎల్‌ఎస్‌యూ పిలిస్తే వెళ్లిపోయాడు. ప్లేఆఫ్ ముగిసేదాకా ఉంటానన్నా యూనివర్సిటీ ఒప్పుకోలేదు. 2017 జనవరిలో టస్కలూసాలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది మరి.

సేబన్ 2024 జనవరిలో రిటైరయ్యాడు. అంతకు మూడేళ్ల ముందు సార్కీసియన్ స్థానంలోకి బిల్ ఓబ్రయన్ వచ్చాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో హ్యూస్టన్‌కి హెడ్ కోచ్‌గా చేసినవాడు, యాభై దాటినవాడు. అలబామా అటాక్ భాష అతనికీ కొత్తే. దాన్ని నేర్పింది ఏ కోచో కాదు, 2020 టైటిల్ గెలిపించి వెళ్లిపోబోతున్న క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్. కొన్నాళ్లు ఇద్దరూ కూర్చుని, శిష్యుడి వయసువాడు పాఠం చెబుతుంటే పెద్దాయన రాసుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఓబ్రయన్ న్యూ ఇంగ్లండ్ జట్టుకి అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వెళ్లాడు. అక్కడ క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్సే. ఈసారి ప్లేలు చెప్పాల్సింది ఓబ్రయన్, వినాల్సింది జోన్స్. ఆ సీజన్‌లో ఆ జట్టు 4 గెలిచి 13 ఓడింది.